చవక విమాన టికెట్, నాలుగు రోజుల నగర యాత్ర: ముందు దేనిని ఖాయం చేసుకోవాలి?

ప్రశ్న: తొలిరెక్క

అందరికీ నమస్కారం. ఇంకో పది వారాల్లో మా ఇంటిల్లిపాదీ, అంటే నేను, మా ఆవిడ, తొమ్మిదేళ్ల పాప, డెబ్బై దాటిన మా అమ్మగారు, దేశం లోపలే మరో పెద్ద నగరాన్ని చూసి రావాలని అనుకున్నాం. శుక్రవారం వెళ్ళి సోమవారం తిరిగి రావడం మా ఆలోచన. విమానం ఎక్కడం మాకు ఇదే మొదటిసారి.

రెండు వారాలుగా టికెట్ల ధరలు చూస్తున్నాను కానీ పొద్దున ఉన్న ధర సాయంత్రానికి ఉండడం లేదు. నిన్న రాత్రి నలుగురి పేర్లూ నింపి, తీరా డబ్బు కట్టే పేజీకి వెళ్ళేసరికి ధర మారిందన్న సందేశం వచ్చింది. నేను పదే పదే చూస్తున్నానని పసిగట్టి పెంచుతున్నారని మా బావమరిది అంటాడు. అతను చెప్పినట్టే వేరే ఫోనులోనూ, బ్రౌజర్ ఇన్‌కాగ్నిటోలోనూ (మనం చూసినవి గుర్తుపెట్టుకోని కిటికీ) చూశాను గానీ అక్కడా అదే ధర కనిపించింది.

నా సందేహాలు మూడు. టికెట్లు ఇప్పుడే కొనాలా, ఆగాలా? అన్నిటికన్నా చవకగా కనిపిస్తున్న విమానం శుక్రవారం రాత్రి 10:40కి దిగుతుంది, తిరుగు విమానం సోమవారం పొద్దున 6:15కి ఉంది. దానినే తీసుకోవడం మంచిదేనా? ఇక మూడోది, చూడవలసిన స్థలాలంటూ మేము రాసుకున్న జాబితా 23కి చేరింది. మా అమ్మగారికి మోకాళ్ల నొప్పులు. ఇందులో ఏది ఉంచాలో, ఏది తీసెయ్యాలో ఎలా తేల్చుకోవాలి?


జవాబు: పాతబోర్డింగ్‌పాస్

తొలిరెక్క గారూ, మీ బావమరిదిగారి అనుమానం చాలామందికి ఉన్నదే గానీ, మీరు చూసినదానికి అంతకన్నా మామూలు కారణమే ఉండవచ్చు. 180 సీట్ల విమానంలో అన్ని సీట్లకూ ఒకే ధర ఉండదు. విమాన సంస్థ ఆ సీట్లను ధరల వారీగా అరలుగా విడదీసి, ఒక్కో అరకు ఒక్కో అక్షరం పెట్టుకుంటుంది. చాలా సంస్థల్లో ‘వై’ అంటే పూర్తి ధర ఎకానమీ (సాధారణ తరగతి) అని గుర్తు. అడుగు అరలోని సీట్లు అమ్ముడైపోగానే దానికి తాళం పడి పై అర తెరుచుకుంటుంది. ఎవరైనా రద్దు చేసుకున్నా, అమ్మకాలు మందగించాయని సంస్థకు అనిపించినా కింది అర మళ్ళీ తెరుచుకోవచ్చు. పొద్దున ఒక ధర, సాయంత్రం ఒక ధర కనిపించేది ఇందుకే. ధరలను పోల్చి చూపే సైట్లు అంతకుముందు తెచ్చి దాచుకున్న ధరను చూపడం కూడా మామూలే. డబ్బు కట్టే క్షణంలో సంస్థను మళ్ళీ అడుగుతారు కనుక, మారిన సంగతి అక్కడ బయటపడుతుంది.

నలుగురు వెళ్ళేవారికి ఇందులో ఒక మెలిక ఉంది. కింది అరలో రెండే సీట్లు మిగిలి ఉండగా మీరు నలుగురికి కలిపి వెతికితే, చాలా బుకింగ్ వ్యవస్థలు ఇద్దరికి తక్కువ ధర, ఇద్దరికి ఎక్కువ ధర అని విడదీసి చూపవు. నలుగురికీ సరిపోయే పై అరకు వెళ్ళి, ఆ ధరనే అందరికీ వేస్తాయి. కాబట్టి అదే విమానానికి ముందు ఒక్కరికి, తరువాత ఇద్దరికి, ముగ్గురికి, నలుగురికి వెతికి, తలసరి ధర ఎక్కడ ఎగబాకుతోందో చూడండి. మూడో మనిషి దగ్గర ఎగబాకితే ఇద్దరిద్దరిగా రెండు బుకింగులు చేసుకోవచ్చు. అయితే విమానం వేళలు మారినప్పుడు రెండు బుకింగులనూ సంస్థ వేర్వేరుగానే చూస్తుందని గుర్తుంచుకుని, అమ్మగారు మీతో, పాప తల్లితో ఉండేలా పంచుకోండి.

ఈ అరల పద్ధతి అమెరికాలో పెరిగి పెద్దదైంది. అక్కడ 1978లో చట్టం వచ్చేదాకా రాష్ట్రాల మధ్య విమాన చార్జీలను ప్రభుత్వ సంస్థే నిర్ణయించేది. ఆ కట్టు తెగాక చవక సంస్థలు పుట్టుకొచ్చాయి. వాటికి పోటీగా అమెరికన్ ఎయిర్‌లైన్స్ 1985లో ఖాళీగా పోయే సీట్లను మాత్రమే లెక్కగట్టి, ముందుగా కొనేవారికి, రద్దు చేస్తే డబ్బు తిరిగి రాదన్న షరతుతో బాగా తగ్గించి అమ్మింది. ఆఖరి నిమిషంలో కొనే వ్యాపారస్థుడికి పై అర, తీరిగ్గా యోచించుకునే కుటుంబానికి కింది అర అన్న విభజన అప్పటి నుంచి స్థిరపడింది. మీరు రెండో వర్గంలో ఉన్నారు కాబట్టి ఆ వెసులుబాటును వదులుకోకండి.

ఎప్పుడు కొనాలంటే, చాలా సంస్థల చవక చార్జీలకు ప్రయాణానికి 21, 14, 7 రోజుల ముందు అని గడువులు ఉంటాయి. మీకు పది వారాలు ఉంది కనుక, ధర మారితే కబురు చేసే ఏర్పాటు పెట్టుకుని, మీ మనసులో ఒక అంకె అనుకుని, అది రాగానే కొనెయ్యండి. రాకపోయినా మూడు వారాల గడువు మాత్రం దాటనివ్వకండి. మంగళవారం అర్ధరాత్రి కొంటే చవక అన్న మాటను నేను నమ్మను. కొనే రోజుకన్నా ఎగిరే రోజే ముఖ్యం: మంగళ, బుధవారాల్లోనూ శనివారం మధ్యాహ్నంలోనూ రద్దీ సాధారణంగా తక్కువ. శుక్రవారం సాయంత్రం అందరూ బయలుదేరేదే. కొన్న తరువాత మాత్రం ఆ ధరను మళ్ళీ చూడకండి, ఆరోగ్యానికి మంచిది కాదు.

ఇంకొకటి. పోల్చి చూపే సైటులో అన్ని సంస్థలూ ఉంటాయని అనుకోవద్దు. అమెరికాలోని సౌత్‌వెస్ట్ వంటి పెద్ద సంస్థ ధరలే 2024 దాకా గూగుల్ ఫ్లైట్స్‌లో కనిపించేవి కావు. సైటులో వెతకండి, కొనేది మాత్రం వీలైనంతవరకు సంస్థ దగ్గరే కొనండి. రేపు విమానం రద్దయితే మధ్యవర్తిని అడగమని సంస్థ, సంస్థను అడగమని మధ్యవర్తి తిప్పడం నేను ఒకసారి అనుభవించాను.


జవాబు: నిదానంగా

పై మిత్రులు ధర సంగతి చక్కగా చెప్పారు. నేను రెండో సందేహం గురించి రాస్తాను, ఎందుకంటే అసలు డబ్బు పోయేది అక్కడేనని నా అభిప్రాయం.

కాగితం తీసుకుని మీ చవక విమానాన్ని గంటల్లోకి మార్చి చూడండి. శుక్రవారం రాత్రి 10:40కి దిగితే ఆ రోజు లేనట్టే. సోమవారం 6:15 విమానానికి తెల్లవారుజామున మూడున్నరకు లేవాలి కనుక ఆ రోజూ లేనట్టే. రోజుకు పది గంటలు తిరగగలరనుకున్నా మీ చేతికి వచ్చేది శని, ఆదివారాల ఇరవై గంటలు. దానికి బదులు శుక్రవారం పొద్దున తొమ్మిదింటికి దిగి, సోమవారం రాత్రి ఏడున్నరకు బయలుదేరే విమానాలు తీసుకుంటే, శుక్రవారం తొమ్మిది గంటలు, సోమవారం ఏడు గంటలు కలిసి మొత్తం 36 అవుతాయి. రెండింటిలోనూ బస మూడు రాత్రులే, హోటల్ బిల్లు అంతే. ఇప్పుడు టికెట్ల తేడాను ఆ అదనపు పదహారు గంటలతో భాగించి, ఆ ధరకు ఒక గంట దొరికితే కొంటారా అని మిమ్మల్ని మీరే అడగండి. మీరు చూస్తున్న రద్దీ వేళల ధరలలో నాకు తెలిసినంతవరకు జవాబు ఎక్కువసార్లు ‘కొంటాం’ అనే వస్తుంది. అర్ధరాత్రి, తెల్లవారుజామున బస్సులు, మెట్రో లేక టాక్సీకి పెట్టే డబ్బును కూడా చవక టికెట్ పక్కన రాయడం మరచిపోకండి. పొద్దున్నే బయలుదేరే విమానానికి మరో మేలు ఉంది: అది చాలాసార్లు రాత్రే వచ్చి నిలిచి ఉంటుంది, రోజంతా పేరుకునే ఆలస్యాలు దానికి అంటవు.

నగరానికి ఒకటికి మించి విమానాశ్రయాలు ఉంటే ఇంకాస్త జాగ్రత్త అవసరం. టోక్యో సంగతే చూడండి: హనేదా ఊరి అంచునే ఉంటుంది, నరిటా నగర కేంద్రానికి 60 కిలోమీటర్ల దూరం. దేశీయ చవక విమానాలు ఎన్నో నరిటాలో దిగుతాయి. వెతికేటప్పుడు నగరం పేరు ఇస్తే రెండూ కలిసే వస్తాయి కనుక, వరుసలో పైన కనిపించేది ఎక్కడ దిగుతుందో విమానాశ్రయానికి ఉండే మూడక్షరాల కోడ్ చూస్తే గానీ తెలియదు. నలుగురికి, రానూపోనూ, ఆ 60 కిలోమీటర్ల రైలు చార్జీని కూడా కలిపి చూస్తే వరుస తారుమారు కావచ్చు.

సామాను సంగతి క్లుప్తంగా: చవక టికెట్లలో చాలావాటికి చేతిసంచి మాత్రమే ఉచితం, అదీ తరచుగా 7 కిలోల లోపు. సంస్థకు అప్పగించే చెక్-ఇన్ బ్యాగు కావాలంటే టికెట్‌తో పాటే కొనండి. విమానాశ్రయంలో అదే బ్యాగుకు ఎక్కువ కట్టవలసి వస్తుంది.


జవాబు: నీలంపెట్టె

వెతుకుతూ పోతే మీకు రెండు దొడ్డిదారులు కనబడతాయి. దయచేసి అటు వెళ్ళకండి.

మొదటిది, వేర్వేరు సంస్థల రెండు టికెట్లను మనమే అతికించుకోవడం. నేను అలాగే చేశాను. మధ్యలో గంటా యాభై నిమిషాల వ్యవధి ఉందని ధీమాగా ఉన్నాను. మొదటి విమానం గంటా పది నిమిషాలు ఆలస్యమైంది. రెండు టికెట్లకూ సంబంధం లేదు కనుక బ్యాగు నేనే తీసుకుని మళ్ళీ అప్పగించాలి. బెల్టు మీద నా నీలం పెట్టె బయటకు వచ్చేసరికి రెండో సంస్థ కౌంటర్ మూసేశారు. నేను రాలేదని రాసుకున్నారు, అదే బుకింగ్‌లో ఉన్న తిరుగు ప్రయాణాన్ని కూడా తీసేశారు. రెండు విమానాలూ ఒకే బుకింగ్‌లో ఉండి ఉంటే తరువాతి విమానంలో ఎక్కించే బాధ్యత వారిదే అయ్యేది.

రెండోది, దూరపు ఊరికి టికెట్ కొని, మధ్యలో ఆగే ఊళ్ళోనే దిగిపోవడం. అలా దిగితే బ్యాగు మాత్రం చివరి ఊరికి పోతుంది, మీ మిగతా టికెట్ రద్దవుతుంది, సంస్థల నిబంధనలకూ అది విరుద్ధం. పెద్దావిడను, చిన్నపిల్లను వెంటబెట్టుకుని చేసే పని కాదు.

అసలు విమానమే కావాలా అన్నది కూడా ఒకసారి చూడండి. మాడ్రిడ్ నుంచి బార్సిలోనాకు వేగం రైలు రెండున్నర గంటల్లో ఊరి నడిబొడ్డున దింపుతుంది. రైలులో రెండున్నర గంటల్లోపు వెళ్ళగల కొన్ని దేశీయ మార్గాలలో ఫ్రాన్స్ 2023లో విమానాలనే ఆపేసింది. మీ దూరం ఎంతో మీరు రాయలేదు. నాలుగు గంటల లోపు రైలు ఉంటే ముందు దాని ధర చూడండి.


జవాబు: పటంచేతిలో

ఇరవైమూడు స్థలాలను చూసి భయపడకండి, జాబితా రాసుకునేటప్పుడు అందరం అంతే. నగరం పటం ముద్రించుకుని ఆ 23 చోట్లా పెన్సిలుతో చుక్కలు పెట్టండి. చుక్కలు మూడు నాలుగు గుంపులుగా కనిపిస్తాయి, ఒక్కో గుంపు ఒక్కో రోజు అవుతుంది. దూరంగా ఒంటరిగా మిగిలిన చుక్క దగ్గర ఆగి, దీని కోసం సగం రోజు ఇస్తామా అని ఇంట్లో అందరినీ అడగండి. చాలావరకు అక్కడే రాలిపోతాయి. మిగిలినవాటిలో రోజుకు రెండింటిని మాత్రమే ‘తప్పనిసరి’గా రాసుకుని, తక్కినవి వీలైతే చూడండి. బస కూడా ఏదో ఒక గుంపు మధ్యలోనే తీసుకుంటే అమ్మగారు మధ్యాహ్నం వచ్చి రెండు గంటలు నడుం వాల్చి, సాయంత్రం మళ్ళీ బయలుదేరగలుగుతారు.

టికెట్ కొనకముందే సెలవు రోజులు చూసుకోండి, ఇది నేను గట్టిగా చెప్తున్నాను. లూవ్ర్ మ్యూజియం మంగళవారం, అదే పారిస్‌లోని ఓర్సే మ్యూజియం సోమవారం, తాజ్ మహల్ శుక్రవారం మూసి ఉంటాయి. మీ యాత్రలో శుక్రవారం, సోమవారం రెండూ ఉన్నాయి. కొన్నిచోట్ల ప్రవేశానికి గంట కూడా నిర్ణయించి ఉంటుంది: గ్రనాడాలోని అల్‌హంబ్రాలో నస్రిద్ రాజభవనాలకు టికెట్ మీద ఉన్న వేళకు వెళ్ళాలి, తప్పితే లోపలికి రానివ్వరు. అలాంటి చోటు మీ జాబితాలో ఉంటే ముందు దాని వేళ ఖాయం చేసుకుని, దానికి తగ్గట్టు విమానం చూసుకోవాలి.

ప్రయాణ పాసుల విషయంలోనూ రోజు ఎప్పుడు మొదలవుతుందో చదవండి. కొన్ని పాసులు మొదటిసారి వాడినప్పటి నుంచి 24 గంటలు నడుస్తాయి, కొన్ని ఆ రాత్రితోనే సరి. పారిస్ నావిగో వారం పాసు ఎప్పుడు కొన్నా సోమవారం నుంచి ఆదివారం వరకే చెల్లుతుంది. శుక్రవారం దిగి సోమవారం వెళ్ళేవారికి అది పెద్దగా పనికిరాదు.

అమ్మగారికి విమానాశ్రయంలో చక్రాల కుర్చీ అడగండి, మొహమాటపడవద్దు. పెద్ద విమానాశ్రయంలో ద్వారం నుంచి గేటు వరకు నడకే కిలోమీటరు దాటుతుంది. చాలాచోట్ల 48 గంటల ముందుగా చెప్పాలి కాబట్టి, బుకింగ్ చేసేటప్పుడే నమోదు చేయడం మేలు.


తొలిరెక్క

అందరికీ కృతజ్ఞతలు. రైలు ఉంది గానీ పదమూడు గంటలు పడుతుంది కనుక విమానమే ఖాయం చేశాం. పాతబోర్డింగ్‌పాస్ గారు చెప్పినట్టు ఒక్కొక్కరినీ పెంచుతూ వెతికితే, ఇద్దరి వరకు ఒకటే ధర, ముగ్గురు అనగానే ఎగబాకింది. ఆశ్చర్యంగా అనిపించింది. ఇద్దరిద్దరిగా రెండు బుకింగులు చేశాను. మొదటి ఇద్దరి దగ్గర మిగిలినది దాదాపుగా పొద్దుటి విమానానికి సరిపోయింది. అమ్మ చూడాలనుకున్న మ్యూజియం సోమవారం మూసి ఉంటుందని తేలింది, దాన్ని శనివారానికి మార్చాం. జాబితా తొమ్మిదికి దిగింది. చక్రాల కుర్చీకి కూడా చెప్పాను.

ఒక్కటే మిగిలింది. రెండు బుకింగులైతే నలుగురికీ సీట్లు పక్కపక్కన వస్తాయా?


జవాబు: పాతబోర్డింగ్‌పాస్

వాటంతటవి రావడం కష్టం. సంస్థకు ఫోన్ చేసి రెండు బుకింగుల నంబర్లూ చెప్పి, ఒకే కుటుంబమని నమోదు చేయమనండి. దానివల్ల సీట్లు ఖాయం కావు గానీ, విమానం మారితే సిబ్బందికి తెలుస్తుంది. ఆన్‌లైన్ చెక్-ఇన్ తెరుచుకున్న నిమిషానే మీరొక ఫోనులో, మీ ఆవిడ ఒక ఫోనులో కూర్చుని, ముందు వెనక వరుసల్లో రెండేసి సీట్లు పట్టండి. పాపకు కిటికీ పక్కది.