ఫ్రీ ట్రయల్ అని చెప్పి ఏడాది డబ్బులు లాగేశారు, వెనక్కి వస్తాయా?

రాత్రిపక్షి:
ఏడు రోజులు ఉచితం అంటే ఫొటోలు ఎడిట్ చేసే యాప్ ఒకటి వేసుకున్నాను. కార్డు నంబరు అడిగితే ఇచ్చాను, అందరూ అడుగుతారు కదా అని. మూడో రోజుకే నచ్చక ఫోన్లోంచి తీసేశా, ఇక పీడ వదిలిందనుకున్నా. నిన్న పొద్దున లేచి చూస్తే బ్యాంకు మెసేజ్, ఏడాది చందా మొత్తం ఒకేసారి కట్. మళ్లీ యాప్ వేసుకుని చూశా. ఆ సంగతి రాసే ఉంది, కాదనను, కానీ ఎక్కడ? "ఉచితంగా మొదలుపెట్టండి" అనే పెద్ద పచ్చ బటన్ కింద, తెల్ల తెర మీద లేత బూడిద రంగులో, కళ్లు చికిలిస్తే గానీ కనపడని అక్షరాల్లో. చాట్‌లో అడిగితే "మా పాలసీలో రిఫండ్ లేదు" అని ఒకటే పాట. చాలా టెన్షన్‌గా ఉంది, ఏం చెయ్యాలి?

పాతరసీదు:
ముందు చందా నిజంగా రద్దయ్యిందో లేదో చూడండి. యాప్ తీసేయడం వేరు, చందా రద్దు చేయడం వేరు, చాలామంది దెబ్బ తినేది ఇక్కడే. ఇవాళ చూసుకోకపోతే వచ్చే ఏడాది మళ్లీ ఇదే పోస్టు పెడతారు. యాప్ స్టోర్ ద్వారా కట్టి ఉంటే రిఫండ్ అక్కడే అడగాలి, కంపెనీ సైట్‌లో నేరుగా కార్డు ఇచ్చి ఉంటే కంపెనీని అడగాలి. ఆ బూడిద అక్షరాల స్క్రీన్‌షాట్ ఇప్పుడే తీసి పెట్టుకోండి, రేపు వాళ్లు డిజైన్ మార్చేస్తే మీ దగ్గర ఏమీ మిగలదు. చాట్ వదిలేసి మెయిల్ పెట్టండి, ఎప్పుడు కట్ అయ్యింది, ఎంత, ఎన్ని రోజుల్లో తిరిగి ఇవ్వాలి, అంతే, తిట్లు వద్దు.

మొహమాటంలేదు:
కోపం వస్తే రానీ గానీ, చదవకుండా నొక్కి తర్వాత మోసం అంటే ఎలా? షరతుల్లో ఉంది కదా.

అడ్డగీత:
మొహమాటంలేదు గారూ, చదవకూడదనే కదండీ ఆ రంగులో రాసింది. కంపెనీ పేరు మాత్రం అంత లేతగా ఉండదు చూడండి. ఈ తరహా డిజైన్లకు 2010లో హ్యారీ బ్రిగ్నల్ అనే డిజైనర్ 'డార్క్ ప్యాటర్న్' అని పేరు పెట్టాడు. చేరడం తేలిక, బయటపడటం నరకం అనే రకాన్ని 'రోచ్ మోటెల్' అంటారు, మన మాటల్లో బొద్దింకల బోను. పాలసీ అనేది కంపెనీ రాసుకున్న కాగితం, అది చట్టాన్ని మించిపోదు. ఐక్యరాజ్యసమితి 1985 నాటి వినియోగదారుల మార్గదర్శకాలను 2015లో సవరించినప్పుడు, ఆన్‌లైన్‌లో కొనేవాళ్లకు మిగతా వాళ్లకంటే తక్కువ రక్షణ ఉండకూడదని చేర్చారు. యూరోపియన్ యూనియన్‌లో ఆన్‌లైన్ కొనుగోళ్లను మామూలుగా 14 రోజుల్లో కారణం చెప్పకుండా రద్దు చేసుకోవచ్చు. డిజిటల్ సరుకు అయితే, 'వెంటనే మొదలుపెట్టండి' అని మనమే ఒప్పుకుంటే ఆ హక్కు పోవచ్చు, అందుకే ఆ టిక్కు మీద వాళ్లకు అంత ప్రేమ. మీరుండే దేశంలో రూల్ ఏమిటో ఒకసారి చూసుకోండి.

పాతరసీదు:
ఇంకొకటి మర్చిపోయా. కంపెనీ కాదంటే బ్యాంకులో చార్జ్‌బ్యాక్, అంటే కట్ అయిన డబ్బు వ్యాపారి నుంచి వెనక్కి ఇప్పించమని, అడగొచ్చు, దానికి గడువుంటుంది కాబట్టి నానబెట్టకండి. "ఈ లావాదేవీ నాది కాదు" అని మాత్రం రాయకండి, కార్డు ఇచ్చింది మీరే, అబద్ధం దొరికితే కేసు మొత్తం పోతుంది. ఏడాది డబ్బు తీసుకుంటామని స్పష్టంగా చెప్పలేదు అని ఉన్నదున్నట్టు రాయండి. కార్డు మార్చేస్తే సరిపోతుందని కూడా అనుకోవద్దు, కొన్నిసార్లు కొత్త కార్డు వివరాలు వీసా, మాస్టర్‌కార్డ్ లాంటి కార్డు నెట్‌వర్క్ ద్వారానే వ్యాపారికి చేరిపోతాయి.

రాత్రిపక్షి:
చూశాను, చందా ఇంకా నడుస్తూనే ఉంది! రద్దు చెయ్యడానికి ఐదు పేజీలు తిప్పారు. చివరి పేజీలో "వద్దు, నా ఫొటోలు అందంగా ఉండకపోయినా పర్లేదు" అని ఉన్న దాన్ని నొక్కాలట. స్క్రీన్‌షాట్ తీసి మరీ నొక్కాను. మెయిల్ వెళ్లింది, బ్యాంకు ఫారం పక్కనే తెరిచి పెట్టుకున్నా.