నమ్మను, నమ్మలేను, నమ్మబుద్ధి కాదు

గ్రూపులో అందరికీ నమస్కారం. వ్యాకరణ సందేహం లాగా మొదలుపెడుతున్నా గానీ ఇది మా ఇంటి గొడవ. ముందే చెప్పేస్తే మంచిది.

మాది పులివెందుల వైపు పల్లె. నేను కడపలో ఉద్యోగం చేస్తున్నా. మాది తరాలుగా మిషను కుటుంబం, అంటే క్రైస్తవులం. పోయిన ఏడాది మట్టల ఆదివారం ఇంటికి పోయి, మందిరానికి పోకుండా వసారాలో కూర్చున్నా. ఎందుకు రావని అమ్మ అడిగింది. ఆ జవాబు కోసం నేను రెండేళ్ళుగా ధైర్యం కూడగట్టుకుంటున్నా. "నమ్మబుద్ధి కావడంలేదమ్మా" అన్నా.

అమ్మ నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. "రెండు దినాలు ఉపవాసముండు నాయనా, అయితాది" అని బైబిలు తీసుకుని వెళ్ళిపోయింది.

తర్వాత ఆలోచిస్తే అమ్మ సరిగ్గానే విన్నదనిపించింది. తినబుద్ధి కాలేదు, పోబుద్ధి కాలేదు, వాడి ముఖం చూడబుద్ధి కాదు. వీటిలో బుద్ధికీ ఆలోచనకీ సంబంధమే లేదు. జ్వరం వస్తే తినబుద్ధి కాదు, తగ్గితే అవుతుంది. నేను చెప్పాలనుకున్నది వేరే: బుద్ధితో చూస్తే అది నిలబడలేదు అని. మాటలో 'బుద్ధి' ఉంది కదా అని వాడితే అదే నన్ను ముంచింది.

'నమ్మను' అందామంటే అది తలుపు మొహాన వేసినట్టుంది. 'నమ్మలేను' అంటే నా చేతకానితనం, ఎవరైనా సాయం చేస్తే నమ్ముతాననే అర్థం వస్తుంది. ఇంకోటి గమనించారా? 'నేను నమ్ముతాను' అంటాం గానీ 'నాకు తెలుసు' అంటాం. ఆకలీ నిద్రా లాగా తెలియడం కూడా మనకు జరిగే పని, నమ్మడం మాత్రం మనం చేసే పని. అందుకే కాబోలు "నమ్ము!" అని ఎదుటివాడికి ఆజ్ఞ ఇవ్వగలుగుతున్నాం. నా అనుభవంలో నమ్మకం పోవడం నేను చేసిన పని కాదు. ఒకరోజు చూసుకుంటే లేదు, అంతే. దీనికి తెలుగులో ఏమనాలి?

ప్రొద్దుటూరు అయ్యవారు:
మంచి ప్రశ్న నాయనా. కఠోపనిషత్తులో శరీరం రథం, బుద్ధి సారథి, మనస్సు కళ్ళెం. అంత పెద్ద ఉద్యోగం ఉన్న బుద్ధి తెలుగులోకి వచ్చాక చాలా పనులు నేర్చింది. 'బుద్ధి చెప్పు' అంటే దండించు. 'బుద్ధిగా కూర్చో' అంటే నోరు మూసుకుని కూర్చో. బడిలో 'బుద్ధిమంతుడు' అనేది ప్రశ్నలు అడిగే పిల్లవాణ్ణి కాదు, ముప్పై ఏళ్ళు నేనూ ఆ తప్పు చేసినవాణ్ణే. ఇక 'తినబుద్ధి' దగ్గర సారథికే ఆకలి వేస్తుంది! కాబట్టి మీ అమ్మను తప్పు పట్టొద్దు.

గుంటూరు నుంచి ఒకరు:
మా వైపు 'నమ్మాలనిపించట్లేదు' అంటామండీ. అదీ మూడ్ లాగానే ఉంటుంది. లాభం లేదు.

ఇంకొకరు:
ఇన్నాళ్ళకు తెలివి వచ్చింది. ఇక మన ధర్మంలోకి రండి, స్వాగతం.

జవాబు: అన్నా, అద్దె ఇల్లు ఖాళీ చేసి సామాను రోడ్డు మీద పెట్టుకుని ఉన్నా. అప్పుడే ఇంకో ఇంటి తాళాలు చూపిస్తే ఎట్లా?

అడ్మిన్:
మాట గురించి మాట్లాడండి. మతమార్పిడి కామెంట్లు ఎటువైపువైనా తీసేస్తాను.

అనంతపురం నుంచి ఒక తమ్ముడు:
అన్నా, నేను రెండేళ్ళు క్రైస్తవ వేదాంత పాఠశాలలో చదివి మధ్యలో వచ్చేసినా. మీ ఇంట్లో కూడా సామెతలు 3:5 క్యాలెండరు ఉండే ఉంటుంది: "నీ స్వబుద్ధిని ఆధారము చేసికొనక నీ పూర్ణహృదయముతో యెహోవాయందు నమ్మకముంచుము." దీన్ని చూపించి బుద్ధి పక్కన పెట్టు, గుండెతో నమ్ము అని చెప్తుంటారు. హెబ్రీలో అక్కడ 'లేబ్' అనే మాట ఉంది. గుండె అనే అర్థమే, కానీ వాళ్ళు ఆలోచించేదీ నిర్ణయించేదీ గుండెతోనే. సొలొమోను తీర్పులు చెప్పడానికి వివేకముగల హృదయం అడుగుతాడు చూడండి. లోపలి ఆవేదనలకు వాళ్ళు ఎక్కువగా మూత్రపిండాల పేరు చెప్తారు. కీర్తనల్లో మనవాళ్ళు మర్యాదగా 'అంతరింద్రియములు' అని రాసింది ఆ మూత్రపిండాలనే. కాబట్టి ఆ వచనంలో ఆలోచనకూ ఎమోషన్‌కూ పోటీ లేదు. నీ లెక్క ఒక్కటే సరిపోతుందనుకోవద్దు అని మాత్రమే ఉంది. పోటీ మనం పెట్టింది.

జవాబు: తమ్ముడూ, ఆ క్యాలెండరు మా ఇంట్లో గడియారం కిందే ఉంది. నువ్వు చెప్పింది కొత్తగా ఉంది. కానీ గుండెతో ఆలోచించినా నాకు లెక్క అక్కడికే వస్తోంది. ఎట్లాగో చెప్తా.

మా నాన్నది చీనీ (బత్తాయి) తోట. బోరు వేసే ముందు మా పక్క చేనాయన, అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని నీళ్ళు చూసే మనిషిని పిలిపించేవాడు. కాయ నిలబడిన చోట నీళ్ళు ఉన్నట్టు. మా నాన్న నవ్వేవాడు. "వాడు పడిన బోర్ల లెక్కే చెప్తాడు రా. ఎండిపోయినవి ఎన్నో అడుగు, చెప్పడు" అనేవాడు. చదువుకోని మనిషి. కాలేజీలో స్టాటిస్టిక్స్ చెప్పిన సారు కూడా నాకు అంత బాగా చెప్పలేదు.

మేం మాత్రం పాస్టరు అయ్యగారిని పిలిచి ప్రార్థన చేయించి బోరు వేసినాం. నాలుగు వందల అడుగులకు నీళ్ళు పడినాయి. మా నాన్న మందిరంలో నిలబడి సాక్ష్యం చెప్పినాడు, అందరూ చప్పట్లు కొట్టినారు. ఐదేళ్ళకు అది ఎండిపోయింది. రెండోది ప్రార్థన చేసే వేసినాం, ఫెయిలు. మూడోది ఎనిమిది వందల అడుగులు పోయినా దుమ్మే. ఆ రెండింటికీ సాక్ష్యం ఎవరూ చెప్పలేదు. ఎండిన బోరుకు సాక్ష్యం ఏముంటుంది?

సాక్ష్యం, రుజువు రెండూ కోర్టు మాటలే చూడండి. హెబ్రీయులకు రాసిన పత్రికలో విశ్వాసం అంటే "అదృశ్యమైనవి యున్నవనుటకు రుజువు" అని ఉంది. చిన్నప్పుడు బట్టీ పట్టి, పోటీలో స్టీలు గ్లాసు బహుమతిగా తెచ్చుకున్నా. పెద్దయ్యాక ఆ 'రుజువు' దగ్గరే ఆగిపోయినా. నమ్మకానికి రుజువు కావాలని మా నాన్నే నేర్పించినాడు, కొబ్బరికాయ విషయంలో. ఇక్కడ నమ్మకమే రుజువు అంటున్నారు. రెండూ ఒకే ఇంట్లో నేర్చుకున్నా.

నంద్యాల నుంచి ఒక అక్క:
తమ్ముడూ, నేను విశ్వాసినే. మా నాన్న పాస్టరు. నీ మీద కోపం లేదు, ఒక్కటి అడుగుతా, నిజం చెప్పు. ముందు ఆలోచించి తర్వాత బాధపడినావా? ముందు బాధపడి తర్వాత ఆలోచించినావా? నేను చూసినవాళ్ళలో చాలామందికి ముందు గుండె విరుగుతుంది. లాజిక్ తర్వాత తెచ్చుకుంటారు.

జవాబు: అక్కా, ఈ ప్రశ్నకు నిన్న రాత్రి జవాబు రాసి చెరిపేసినా.

ముందు కోపమే. మూడో బోరు అప్పు తీరకముందే మా నాన్నకు పక్షవాతం వచ్చింది. ఎనిమిది నెలలు మంచంలో ఉండి పోయినాడు. ఆ ఎనిమిది నెలలూ నేను చేసినంత ప్రార్థన ఎవరూ చేసి ఉండరు. సమాధి దగ్గర ఒకాయన "దేవుని చిత్తం" అన్నప్పుడు నాకు ఒళ్ళు మండిపోయింది. బోర్ల లెక్క ఆ తర్వాతే గుర్తొచ్చింది. అంతకుముందు అది నా కళ్ళ ముందే ఉన్నా చూడలేదు.

కానీ అక్కా, లెక్కల పుస్తకం తీసింది కోపమే అయినా కూడిక కోపం చేయలేదు. కోపంగా ఉన్నవాడు కూడినా మూడు బోర్లలో రెండింట్లో నీళ్ళే పడలేదు. కోపం తగ్గి చాలా కాలమైంది, ఆ లెక్క మాత్రం మారలేదు. ఇదే న్యాయం మా పెద్దవాళ్ళకూ వర్తిస్తుంది. 1876-78 నాటి ధాత కరువులో మా జేజి (నాయనమ్మ) వాళ్ళ తాత మిషను గంజి తాగి బతికి బాప్తిస్మం తీసుకున్నాడట. "గంజికి అమ్ముడుపోయినారు" అని ఊళ్ళో ఎగతాళి చేసేవాళ్ళు. ఆకలితో మొదలైంది కాబట్టి ఆయన నమ్మింది అబద్ధం కాదు. గంజి దొరికింది కాబట్టి నిజమూ కాదు. ఆ రెండు లెక్కలు వేరు.

ఇంకో సంగతి. పోకపోకా మొన్న క్రిస్మస్‌కు పోయినా. పాట మొదలైతే నా గొంతు పూడుకుపోయింది. ఏడ్చినా కూడా. పక్కనున్న పెద్దమ్మ "ఆత్మ తాకినాడు" అంది. ఏమో. మా నాన్న ఆ పాటకు కంజీర వాయించేవాడు. కన్నీళ్ళు నిజమే, దేనికి రుజువో మాత్రం వాటి మీద రాసి ఉండదు.

ప్రొద్దుటూరు అయ్యవారు:
నాయనా, 'విశ్వాసం' గురించి ఎవరూ ఎత్తలేదు. శ్వస్ అంటే ఊపిరి. ఉచ్ఛ్వాసం, నిశ్వాసం, విశ్వాసం, ఆశ్వాసం అన్నీ ఒక ధాతువు పిల్లలే. విశ్వాసం అంటే మొదట బెదురు లేకుండా నిండా ఊపిరి తీసుకోవడం. శిక్షణ లేదు, సిద్ధాంతం లేదు. నీ గొంతు పూడుకుపోవడం నాకు అక్కడ కనిపించింది. తప్పయితే క్షమించు.

జవాబు: అయ్యవారూ, తప్పేం లేదు. ఇది చదివి కాసేపు ఊరికే కూర్చున్నా. కానీ మా ఇంట్లో విశ్వాసానికి ఊపిరి కాదు, కూడు అర్థం. మా జేజికి సంగతి తెలిసిన రోజు ఏమన్నదంటే: "గంజి పోసి బతికించినారు, బడి పెట్టి చదువు చెప్పినారు, జమ్మలమడుగు మిషను ఆసుపత్రిలో మీ నాయన పుట్టినాడు. కుక్కకుండే విశ్వాసం గూడ లేకపాయ నీకు." ఆమె దృష్టిలో నేను ఒక సిద్ధాంతం వదల్లేదు, తిన్నింటి వాసాలు లెక్కపెట్టినా. తెలుగులో విశ్వాసం పోయింది అంటే దేవుని మీద నమ్మకం పోయిందా, మనిషి కృతజ్ఞత లేనివాడయ్యాడా? రెండింటికీ ఒకటే మాట. లండన్ మిషనరీ సొసైటీ వాళ్ళు 1820లలోనే కడపకు వచ్చినారు. రెండు వందల ఏళ్ళుగా ఈ రెండు అర్థాలూ కలిసిపోయి ఉన్నాయి, నేనొక్కణ్ణి విడదీయాలంటే ఎట్లా అయితుంది?

నాకు ఆ గంజి మీద విశ్వాసం ఉంది. అది పోలేదు. జేజికి ఈ వాక్యం ఎన్నిసార్లు చెప్పినా అర్థం కాలేదు. ఆమెకు ఎనభై దాటినాయి, ఇంక చెప్పను.

ఎవరో ఒకరు:
వినదగు నెవ్వరు చెప్పిన
వినినంతనె వేగపడక వివరింపదగున్...
సుమతీ శతకకారుడు ఎప్పుడో చెప్పేశాడు. చర్చ ముగిసింది.

జవాబు: ముగియలేదు సార్. వినడం, వివరించడం చేతనైంది. వివరించాక అమ్మకు ఎట్లా చెప్పాలో ఆ పద్యంలో లేదు.

నంద్యాల అక్క:
మార్కు 9:24 చదువు తమ్ముడూ. కొడుకు జబ్బు కోసం వచ్చిన తండ్రి, "నమ్ముచున్నాను, నాకు అపనమ్మకము ఉండకుండ సహాయము చేయుము" అంటాడు. నాకు బైబిలంతటిలో ఇంతకన్నా నిజమైన ప్రార్థన కనిపించదు. నేను విశ్వాసినే అన్నా కదా, చాలా రాత్రులు నేను కూడా ఆయన లాంటిదాన్నే. మా నాన్నకు చెప్పలేదు.

అనంతపురం తమ్ముడు:
అక్కా, ఒక చిన్న సంగతి. గ్రీకులో 'ఉండకుండ' అనేది లేదు. "నా అపనమ్మకానికి సాయం చెయ్యి" అన్నంత వరకే ఉంది. తీసెయ్యమన్నాడా, దానితోనే బతకడానికి తోడుండమన్నాడా, మూలంలో తేల్చి చెప్పలేదు. మన అనువాదకులు తేల్చేసినారు.

జవాబు: తమ్ముడూ, ఆ 'ఉండకుండ' తీసేసి చదివితే అది నేను కూడా అనగలిగే మాట. ఎవరితో అనాలో తెలియదు గానీ.

ఇంతకీ అసలు ప్రశ్న అట్లాగే ఉంది. అమ్మ ఇప్పుడు ప్రతి ఆదివారం ఫోన్ చేస్తుంది. తిన్నావా, వాన పడిందా, తర్వాత అదే గొంతుతో "నమ్మబుద్ధి అయిందా నాయనా?" నేను "ఇంకా లేదమ్మా" అంటున్నా. ఆ 'ఇంకా' అబద్ధం. రేపో మాపో అవుతుందని ఆశ పెడుతున్నా. ఉత్త 'లేదు' అంటే అవతల ఫోన్ పట్టుకుని మౌనంగా ఉండిపోతుంది. మధ్యలో మాట ఏదైనా ఉందా?

ప్రొద్దుటూరు అయ్యవారు:
మన సీమ మాట ఉందిగా నాయనా. "అమ్మాయికి సంబంధం కుదిరిందా?" అంటే మనవాళ్ళు ఏమంటారు? "యాడ!" అంటారు. లేదనే అర్థం. కానీ ముఖం మీద కొట్టినట్టు ఉండదు. రేపు కుదురుతుందని మాట కూడా ఇవ్వదు. చెప్పేవాడికి కూడా కొంచెం కష్టంగా ఉందని తెలుస్తుంది.

జవాబు: "యాడమ్మా..."
రెండుసార్లు పైకి అనుకుని చూసినా అయ్యవారూ. ఆదివారం అంటా.