అప్‌డేట్: గోరింటాకు పెట్టిన నల్ల జుట్టుకు ఓంబ్రే

నడుం దాకా ఉన్న నల్ల జుట్టు, కొసల్లో పాత గోరింటాకు. పైన నలుపు ఉంచి కిందికి మెల్లగా కారామెల్ (పాకం రంగు) షేడ్‌కు మారే ఓంబ్రే వస్తుందా అని ఇంతకుముందు అడిగాను. వచ్చింది.

ముందు దువ్వెనకు ఊడిన వెంట్రుకలను బ్లీచ్ మిశ్రమంలో 40 నిమిషాలు ఉంచి చూడాలి. వేడెక్కినా, పచ్చగా మారినా అప్పుడు పెట్టిన గోరింటాకు పొడిలో లోహ లవణాలు ఉన్నట్టే, అక్కడితో ఆపేయాలి. అచ్చమైన గోరింటాకైతే ఆ ప్రమాదం లేదు, కానీ నారింజ రంగు మొండిగా మిగులుతుంది.

పాళ్లు: 30 గ్రాముల బ్లీచ్ పౌడర్‌కు 60 మిల్లీలీటర్ల 20 వాల్యూమ్ డెవలపర్ (పొడిలో కలిపే 6 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్). ప్రతి పాయనూ పూయబోయే చోటికి పైన వెనక్కి దువ్వి చిక్కు చేస్తే రంగు గీత గీసినట్టు తెగదు, మంచులా కలుస్తుంది. అసలు పనితనమంతా ఇక్కడే.

విజయవాడ ఎండల్లో ఫ్యాన్ కింద కూర్చోబెడితే బ్లీచ్ పొడిబారుతుంది, పొడిబారితే పని ఆగుతుంది. ఫాయిల్ చుట్టాల్సిందే. పది నిమిషాలకోసారి విప్పి చూడాలి: ఎరుపు, నారింజ, ఆపై పసుపు. కారామెల్‌కు లేత నారింజ చాలు, బంగారు పసుపుదాకా లాగితే కొసలు జీళ్లలా సాగే ప్రమాదం ఉంది. మిగిలిన నారింజకు నీలం టోనర్ (బ్లీచ్ తర్వాత రంగు సరిదిద్దేది). ఊదా టోనర్ పసుపుకే పనిచేస్తుంది.

రోజూ జడ వేసుకునేవాళ్లకు నా సలహా బాలయాజ్, అంటే అక్కడక్కడా సన్నపాయలకు చేత్తో రంగు పూయడం. ఓంబ్రే అయితే జడ సగం నుంచి ఒకే ముద్దగా తేలుతుంది. సన్నపాయలైతే అల్లికలో ఒక్కో మలుపులో మెరుస్తాయి. బోరు నీళ్లయితే చివరి కడుగుడుకు ఆర్‌ఓ నీళ్లు వాడండి, రాగి రంగు త్వరగా తేలదు.