కూర్మారావా, కుర్మారావా? బాబు పేరు ఎలా రాయించాలి?

ప్రశ్న (గార మండలం నుంచి):
మా బాబుకి నాలుగో నెల. మా నాన్న పేరే పెట్టుకున్నాం, కూర్మారావు. జనన ధ్రువపత్రంలో పేరు ఇంకా ఎక్కించలేదు. నాన్న ఆధార్‌లో 'కుర్మారావు' అని ఉంది, బ్యాంకు పుస్తకంలో 'కుమారరావు', రేషన్ కార్డులో 'కూర్మరావు'. ఎక్కడికెళ్లినా ఈ ముగ్గురూ ఒకరేనా అని అడుగుతున్నారు! పిల్లాడికీ ఇదే టెన్షన్ వద్దు. తెలుగులో ఏది సరైనది? ఇంగ్లీషులో ఎలా రాయాలి?

జవాబు (రిటైరైన తెలుగు మాస్టారు):
బాబూ, కూర్మారావే. శ్రీకూర్మం స్వామి పేరు కదా, కూర్మం అంటే తాబేలు. 'కూ'కి దీర్ఘం పోతే ఆ మాటే లేదు. ధర్మ, ధర్మారావు అయినట్టే ఇదీను, అందుకే 'ర్మా'కీ దీర్ఘం. పలికేటప్పుడు 'కూరమా' అని విడగొట్టొద్దు. మన వైపు కూర్మినాయుడు అని కూడా పెట్టుకుంటారు. 'కూర్మి' అంటే తెలుగులో ప్రేమ, చెలిమి. వినడానికి అదీ బాగుంటుంది.

జవాబు (విజయనగరం, ఇప్పుడు హైదరాబాద్):
నా పేరూ ఇదే అన్నా. కే పక్కన ఒక్క యూ రాస్తారు మనవాళ్లు. ఆఫీసులో అందరికీ నేను పరోటాలోకి వేసుకునే కుర్మా! బాబుకి యూ బదులు రెండు ఓలు రాయించండి. 'రావు' విడిగా రాయొద్దు, దాన్నే ఇంటిపేరు అనుకుంటారు.

జవాబు (ఆధార్ సెంటర్‌లో పనిచేస్తాను):
తప్పు ఎక్కువగా మా దగ్గరే పుడుతుంది. మేం ఇంగ్లీషులో కొడతాం, తెలుగు దానంతటదే వస్తుంది. యూ ఒక్కటే ఉంటే మెషీన్‌కి అది కు అయినా కూ అయినా ఒకటే. సబ్మిట్ కొట్టకముందే స్క్రీన్ మీద తెలుగు అక్షరాలు చూపించమని అడగండి, మొహమాటపడకండి. ఆధార్‌లో పేరు మార్చుకునే అవకాశం జీవితంలో రెండుసార్లే. కాబట్టి నాన్నగారి కాగితాలన్నీ ముందేసుకుని, ఏ స్పెల్లింగ్ ఉంచాలో తేల్చుకున్నాకే వెళ్లండి. బాబు పేరు మాత్రం ఏడాది నిండేలోపు ఎక్కించేయండి, రుసుము ఉండదు. దాటితే ఆలస్య రుసుము కట్టాలి.

ప్రశ్న వేసినవారు:
బాబుకి రెండు ఓలు రాయిస్తే తాత స్పెల్లింగ్‌తో తేడా రాదా?

జవాబు (ఆధార్ సెంటర్):
వస్తుంది, రానీయండి. జనన ధ్రువపత్రంలో బాబు పేరు, అమ్మానాన్నల పేర్లే ఉంటాయి, తాత పేరు ఉండదు. మీ ఇద్దరివి మాత్రం మీ ఆధార్‌లో ఉన్నట్టే, అక్షరం తేడా లేకుండా రాయించండి.