బోడుప్పల్ గ్రేటర్‌లో కలిసింది: ట్యాక్స్, నీళ్లు, స్కూలు గురించి తెలిసినవాళ్లు చెప్పండి

కొత్తిల్లు_చెంగిచర్ల:
అందరికీ నమస్కారం. 2025 డిసెంబర్‌లో ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్ఆర్) చుట్టూ ఉన్న 27 మున్సిపాలిటీలు, కార్పొరేషన్లను గ్రేటర్ హైదరాబాద్ కార్పొరేషన్ జీహెచ్‌ఎంసీలో కలిపేశారు కదా, అందులో మన బోడుప్పల్, పీర్జాదిగూడ కూడా ఉన్నాయి. నేను ఈ మధ్యే ఇల్లు కొనుక్కుని ఇటు వచ్చాను. ఇంటి పన్ను పెరుగుతుందా? సిటీలో ఇస్తున్న నెలకు 20 వేల లీటర్ల ఉచిత నీళ్లు మనకూ ఇస్తారా? ఇంకోటి, మా బాబును వచ్చే జూన్‌లో ఒకటో తరగతిలో వేయాలి. ఫీజు మరీ భారం కాని స్కూలు ఏదైనా ఉంటే చెప్పండి.

లక్కీ_డాడీ:
స్కూలు వెతికేటప్పుడు ఫీజు ఒక్కటే అడిగి ఊరుకోకండి, పుస్తకాలకు ఎంత అవుతుందో ముందే అడగండి. మా పాప చదివే స్కూలు పేరు చెప్పను, ఇంకా అక్కడే చదువుతోంది. ఫీజు కొంచెమే పెంచారని సంతోషపడ్డాం. జూన్‌లో వెళ్తే పుస్తకాలు, నోట్‌బుక్కులు, టై, బెల్టు, బూట్లు, రెండు రకాల యూనిఫాం, అన్నీ కలిపి ఒకటే బిల్లు చేతిలో పెట్టారు. నోట్‌బుక్కుల మీద స్కూలు పేరు అచ్చువేసి ఉంటుంది, బయట కొన్నవి తెస్తే ఒప్పుకోరు. రెండో తరగతి పిల్లకు అన్ని నోట్‌బుక్కులు దేనికి? సగం ముట్టుకోకుండా అల్మారాలో ఉన్నాయి. స్కూల్లో ఇవన్నీ అమ్మకూడదని రూలు ఉంది, అయినా ఎవరూ నోరెత్తరు.

ట్యాక్స్_సెక్షన్_రిటైర్డ్:
ఇంటి పన్ను గురించి నన్ను అడగండి, నా సర్వీసంతా ఆ సెక్షన్‌లోనే గడిచింది. కార్పొరేషన్ మారినంత మాత్రాన రాత్రికి రాత్రి పన్ను మారిపోదు. మనకు పన్ను వేసేది ఏడాది అద్దె విలువను బట్టి. ఆ విలువలు సవరించాలంటే ముందు ముసాయిదా ఇచ్చి జనం అభ్యంతరాలు తీసుకోవాలి. అంతవరకు వాట్సాప్‌లో వచ్చే లెక్కలు నమ్మి టెన్షన్ పడకండి. జీహెచ్‌ఎంసీలో ఏప్రిల్‌లోనే ఏడాది పన్ను మొత్తం కడితే 5 శాతం తగ్గిస్తారు, అది వదులుకోవద్దు. బకాయి పెడితే నెలకు 2 శాతం వడ్డీ పడుతుంది. ఇల్లు కొన్నాయన ముందు పాత ఓనరు బకాయి ఏమన్నా ఉందేమో చూసుకుని, పన్ను రికార్డులో తన పేరుకు మ్యుటేషన్ చేయించుకోవాలి.

జీవో_నంబర్_1:
లక్కీ డాడీ గారూ, రూలు సగమే చెప్పారు. 2024 మే నెలాఖరులో హైదరాబాద్ జిల్లా విద్యాధికారి (డీఈఓ) ఇచ్చిన ఆర్డరులో యూనిఫాం, బూట్లు, బెల్టులు స్కూల్లో అమ్మొద్దన్నారు. పుస్తకాలు, నోట్‌బుక్కులైతే లాభం లేకుండా అమ్ముకోవచ్చు. వీటిని కలిపి మాట్లాడితే రేపు ప్రిన్సిపాల్ దగ్గర మీరే ఇరుక్కుంటారు.

లక్కీ_డాడీ:
లాభం లేకుండానా? వాళ్లు లాభం తీసుకున్నారో లేదో నాకు ఎవరు చూపిస్తారు? బిల్లు మీద మొత్తం ఒక్కటే అంకె. దేనికెంతో రాయలేదు.

పీర్జాదిగూడ_ఫ్లాట్_402:
పైగా అది హైదరాబాద్ డీఈఓ ఆర్డరు. మనది మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా. గ్రేటర్‌లో కలిస్తే జిల్లా మారిపోతుందా? ఇక్కడి డీఈఓ వేరు. ఆ కాగితం పట్టుకుని వెళ్తే "మాకు వర్తించదు" అని బయటకు పంపేస్తారు. మా ఎదురింటివాళ్లకు అదే జరిగింది.

జీవో_నంబర్_1:
వర్తించదని చెప్పింది స్కూలువాళ్లే కదా, డీఈఓ కాదు. ప్రైవేటు స్కూళ్లకు అసలు నియమాలు 1994 జనవరి 1 నాటి జీవో నంబర్ 1లో ఉన్నాయి, అవి ఏ ఒక్క జిల్లాకో కాదు. యాజమాన్యం లాభం 5 శాతం దాటకూడదని, వచ్చిన ఫీజుల్లో సగం జీతాలకే పోవాలని అందులో ఉంది. ముప్పై ఏళ్లు దాటినా ఏ తల్లిదండ్రులూ ఈ జీవో పట్టుకుని స్కూలు లెక్కలు అడగరు.

ప్రైవేటు_టీచరమ్మ:
సగం జీతాలకా? సార్, నేను ఈ ఏరియాలోనే ఒక స్కూల్లో చెబుతాను. క్లాసులో నలభై మంది పిల్లలు. ఒక్కొక్కరి ఫీజు లెక్కేసుకుని, మా జీతం పక్కన పెట్టి చూడండి. సెలవుల్లో జీతం ఇవ్వరు, అడ్మిషన్ల కోసం ఎండలో ఇల్లిల్లూ తిప్పుతారు. పుస్తకాల కౌంటర్లో కూర్చోబెట్టేదీ మమ్మల్నే. కోపంతో వచ్చిన తల్లిదండ్రులు మా మీద అరుస్తారు, రేటు పెట్టిన మనిషి ఏసీ గదిలో ఉంటాడు. గొడవ పెట్టుకోండి, తప్పకుండా పెట్టుకోండి. కానీ ఆ గదిలోకి వెళ్లి పెట్టుకోండి.

లక్కీ_డాడీ:
అమ్మా, మిమ్మల్ని నేను ఒక్క మాట అనలేదు. కానీ కౌంటర్లో ఉన్నవాళ్లు "ఇష్టం లేకపోతే టీసీ తీసుకోండి" అంటే ఏం చేయాలి? నాతో అన్నారు, మా పాప పక్కనే ఉండగా.

పీర్జాదిగూడ_ఫ్లాట్_402:
అయితే తీసుకోవాల్సింది. అందరూ ఇక్కడ రాస్తారు, జూన్‌లో మళ్లీ అదే కౌంటర్ ముందు లైను కడతారు.

లక్కీ_డాడీ:
మీకు పిల్లలున్నారా అసలు? ఏడాది మధ్యలో పిల్లను ఎక్కడికి మార్చమంటారు? సలహా ఇవ్వడం తేలికే.

జీవో_నంబర్_1:
ఇద్దరూ ఆగండి. విడివిడిగా తిట్టుకుంటే లాభం లేదు. 2017లో ప్రైవేటు స్కూళ్ల ఫీజుల మీద తిరుపతిరావు కమిటీ వేశారు, రిపోర్టు వచ్చింది, దాని మీద చట్టం రాలేదు. 2020లో కరోనా టైములో జీవో 46 తెచ్చారు. ట్యూషన్ ఫీజు మాత్రమే, అదీ నెలనెలా తీసుకోవాలన్నారు. అప్పుడు కూడా గట్టిగా అడిగిన స్కూళ్లలోనే అది అమలైంది.

వరంగల్_హైవే:
ఇక్కడ పుస్తకాల గొడవ నడుస్తోంది, పిల్లలు స్కూలుకు చేరే దారి గురించి ఎవరూ మాట్లాడరు. ఉప్పల్ నుంచి నారపల్లి దాకా ఎలివేటెడ్ కారిడార్ 2018లో మొదలైంది. ఆరు కిలోమీటర్ల పైచిలుకు. అన్నేళ్లు పిల్లర్ల కింద ఆ గుంతలు, ఆ దుమ్ము. స్కూలు వ్యాన్‌లో మా చిన్నోడికి దగ్గు పట్టుకుని వదల్లేదు. ఓటు అడగడానికి వచ్చిన ప్రతి ఒక్కరినీ నేను అడిగేది ఈ రోడ్డు గురించే.

మేడిపల్లి_గృహిణి:
ఓటు అంటే గుర్తొచ్చింది. 2020లో మా డివిజన్‌లో మహిళా రిజర్వేషన్ వచ్చింది, ఒక అమ్మాయి గెలిచింది. ఐదేళ్లలో ఆమె గొంతు నేను వినలేదు. ఫోన్ చేస్తే భర్త ఎత్తుతాడు, కాలనీ మీటింగుకు భర్త వస్తాడు, శంకుస్థాపనలో కొబ్బరికాయ కొట్టేదీ ఆయనే. 2025 జనవరిలో వాళ్ల గడువు అయిపోయింది, ఆ తర్వాత స్పెషల్ ఆఫీసర్ల పాలన. 2025 డిసెంబర్‌లో జీహెచ్‌ఎంసీ వార్డులు 150 నుంచి 300 చేశారు. ఈసారి గెలిచే ఆడమనిషి ఫోన్ తానే ఎత్తాలని ముందే అడిగి ఓటేద్దాం.

ట్యాక్స్_సెక్షన్_రిటైర్డ్:
వార్డు హద్దుల ముసాయిదా మీద అభ్యంతరాలు రాతపూర్వకంగా ఇస్తేనే లెక్క. ఇక్కడ రాస్తే లెక్కలోకి రాదు.

మేడిపల్లి_గృహిణి:
సార్, మీరు ప్రతిదానికీ కాగితం అంటారు. ఆ కాగితం పట్టుకుని తిరిగేది మేమే.

సర్కారు_బడి_అమ్మ:
కొత్తగా వచ్చినవారు స్కూలు అడిగారు, ఒక్కరూ ప్రభుత్వ బడి మాట ఎత్తలేదు. మా ఇద్దరినీ కిందటేడు ప్రైవేటు మాన్పించి ఊళ్లో బడిలో వేశాను. చుట్టాలు మొహం మీదే అన్నారు, పరువు పోయిందని. పుస్తకాలు ఉచితం, రెండు జతల యూనిఫాం ఉచితం, మధ్యాహ్నం అన్నం అక్కడే. ఇంగ్లిష్ మీడియం 2022-23 నుంచే ఉంది. పుస్తకంలో ఒకవైపు ఇంగ్లిష్, ఒకవైపు తెలుగు ఉంటుంది కాబట్టి నేనూ దగ్గర కూర్చుని చెప్పగలుగుతున్నాను. మా పెద్దోడు ఇప్పుడు లెక్కలు తనంతట తను చేస్తున్నాడు. ప్రైవేటులో ఉన్నప్పుడు డైరీ నిండా హోంవర్కు ఉండేది, చేసేది నేను. బాత్రూముల శుభ్రం సరిగా లేదు, నిజమే. బడి బాగోగులు చూసే అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలో కూర్చుని అదే అడుగుతున్నాం.

పీర్జాదిగూడ_ఫ్లాట్_402:
మీ బడి బాగుందేమో. మా వైపు ఒక్క టీచరు రెండు క్లాసులు చూస్తోంది. అందరికీ పనికొస్తుందని చెప్పకండి.

సర్కారు_బడి_అమ్మ:
అందరూ వెళ్లిపోతే పిల్లలు తగ్గుతారు, పిల్లలు తగ్గితే టీచర్లను తీసేస్తారు. మీలాంటివాళ్లు పది మంది వస్తే రెండో టీచరు వస్తుంది.

లక్కీ_డాడీ:
అక్కా, మీ బడి ఎక్కడో నాకు మెసేజ్ పెట్టండి. ఒకసారి వచ్చి చూస్తాను.

కొత్తిల్లు_చెంగిచర్ల:
పన్ను సంగతి చెప్పిన సార్‌కు కృతజ్ఞతలు. పాత బకాయి చూసుకుంటాను. నీళ్ల గురించి మాత్రం ఎవరూ చెప్పలేదు.

వరంగల్_హైవే:
ఆ ఉచిత నీళ్ల పథకం 2021 జనవరిలో పాత జీహెచ్‌ఎంసీ హద్దులకే మొదలుపెట్టారు. కనెక్షన్‌కు మీటరు ఉండాలి, ఆధార్ లింక్ చేయాలి. మనకు ఇస్తామన్న ఆర్డరు చూసినవాళ్లు ఉంటే ఫొటో పెట్టండి, నోటిమాట వద్దు.

జీవో_నంబర్_1:
సోమవారం అంతాయిపల్లిలోని మన జిల్లా కలెక్టరేట్‌లో ప్రజావాణి ఉంటుంది, అర్జీలు తీసుకుంటారు. పుస్తకాల బిల్లులు ఉన్నవాళ్లు జిరాక్సులు తీసి నాకు ఇవ్వండి. స్కూలు పేరు, పిల్లల పేర్లు పైకి చెప్పక్కర్లేదు, అర్జీలో ఉంటే చాలు. ఉచిత నీళ్ల సంగతి కూడా అందులోనే అడుగుదాం. ఎవరెవరు వస్తున్నారు?

ప్రైవేటు_టీచరమ్మ:
నేను రాలేను, ఉద్యోగం పోతుంది. బిల్లు నమూనా మాత్రం పంపిస్తాను.

లక్కీ_డాడీ:
నేను వస్తున్నా. కారులో ఇంకో ముగ్గురికి చోటుంది, బోడుప్పల్ చౌరస్తాలో ఎక్కించుకుంటాను.