గట్టెక్కారా, నెగ్గుకొచ్చారా? నాలుగు పాయింట్ల గెలుపుకి తెలుగు మాట

బందరు లడ్డు:
అందరికీ నమస్కారం. ఒక మాట దగ్గర ఇరుక్కుపోయాను, మీరే తేల్చాలి.

మేముండేది మెల్‌బోర్న్‌లో. మావాడికి పన్నెండేళ్ళు, కాలింగ్‌వుడ్ టీమ్ అంటే ప్రాణం. ఇక్కడి ఫుట్‌బాల్ సంగతి చెబుతున్నాను. కోడిగుడ్డులా ఉండే బంతితో, క్రికెట్ గ్రౌండులో, జట్టుకి 18 మంది చొప్పున ఆడతారు. మొన్న వాడు 2023లో బ్రిస్బేన్‌తో ఆడిన గ్రాండ్ ఫైనల్ (కప్పు తేల్చే ఆఖరి మ్యాచ్) మళ్ళీ పెట్టుకుని చూస్తుంటే బందరు నుంచి మా నాన్న ఫోన్ చేశారు. "ఏంట్రా ఆ అరుపులు" అంటే, "పాత మ్యాచ్ నాన్నా, వీడి టీమ్ నాలుగు పాయింట్లతో గట్టెక్కింది" అన్నాను. మావాడికి తెలుగు బాగానే అర్థమవుతుంది. గట్టెక్కడం అంటే ఏంటన్నాడు. నీళ్ళలో కొట్టుకుపోయేవాడు ఎలాగోలా గట్టు పట్టుకుని పైకి రావడం అని చెప్పాను. అంతే, మొహం మాడ్చుకున్నాడు. వాళ్ళేం మునిగిపోలేదట, తెలిసే అలా ఆడారట.

తర్వాత ఆలోచిస్తే వాడిదే కరెక్టేమో అనిపించింది. కొద్ది తేడాతో గెలిచిన జట్టు గురించి మన పేపర్లు రాసేది గట్టెక్కారు, బయటపడ్డారు, ఊపిరి పీల్చుకున్నారు. అన్నీ ప్రాణభయం తీరినవాడి మాటలే. నువ్వా నేనా అన్న ఆటని తెలివిగా గెలిచినవాడికి మన దగ్గర మాట లేదా? 'తృటిలో గెలిచారు' అనొచ్చా?

పాత పలక:
అనకూడదు నాయనా. ముందు అక్షరం సరిచేద్దాం. అది తృటి కాదు, త్రుటి. పేపర్లలో తప్పు చూసీ చూసీ అదే ఒప్పనుకుంటున్నారు. సంస్కృతంలో త్రుటి అంటే అతి చిన్న కాలం. చిన్న ఏలక్కాయకి కూడా ఆ పేరుంది. హిందీలోకి పోయి పొరపాటు అయింది.

ఇక వాడుక. త్రుటి పక్కన తెలుగువాడు 'తప్పు' అన్న క్రియే వేస్తాడు. త్రుటిలో తప్పింది, త్రుటిలో తప్పించుకున్నాడు. వెంట్రుకవాసి కూడా అంతే. గుండు వెంట్రుకవాసిలో తప్పిపోయింది అంటాం. ఓడినవాడికి కప్పు త్రుటిలో చేజారింది అనొచ్చు. గెలిచినవాడు త్రుటిలో గెలిచాడంటే ఏదో అతుకు కనబడుతుంది. ఆట ఆడింది రెండు గంటలు, త్రుటిలో గెలవడమేమిటి?

ఓరుగల్లు వాకిలి:
మాస్టారూ, మా దిక్కు 'ఒడ్డున పడ్డడు' అంటరు. కానీ ఆ మాట ఆటకంటే సంసారానికే ఎక్కువ. అప్పు తీరితే ఒడ్డున పడ్డట్టు, బిడ్డ పెండ్లి అయితే ఒడ్డున పడ్డట్టు. లడ్డన్నా, ఇంకోటి గమనించినవా? గట్టెక్కినోడు ఒక్కడే ఎక్కుతడు. గట్టెక్కించినోడు వేరే ఉంటడు. ఆఖరి ఓవర్ల సిక్స్ కొట్టి టీమ్‌ను గట్టెక్కించిండు అని రాస్తరు కదా. మీ మ్యాచ్‌ల గట్టెక్కించినోడు ఎవరు?

బందరు లడ్డు:
మాస్టారూ, సరిదిద్దుకుంటాను, త్రుటి. ఓరుగల్లు తమ్ముడూ, మంచి ప్రశ్న. ఆ రోజు ఉత్తమ ఆటగాడి పతకం బాబీ హిల్‌కి వచ్చింది, 4 గోల్స్ కొట్టాడు. కానీ చివర్లో చార్లీ కామెరాన్ గోల్‌తో బ్రిస్బేన్ ముందుకెళ్ళాక, తిరగ్గొట్టింది జోర్డన్ డిగోయ్. ఆ తర్వాత స్టీల్ సైడ్‌బాటమ్ ఎక్కడో దూరం నుంచి ఇంకోటి వేశాడు. టైమ్ రెండు నిమిషాల్లోపే ఉందనగా బ్రిస్బేన్ నుంచి జో డానిహర్ కొట్టి తేడాని నాలుగుకి దించాడు. ఇక అక్కడి నుంచి సైరన్ మోగేదాకా మావాడు సోఫా మీద నిలబడే ఉన్నాడు. ఫలితం తెలిసిన మ్యాచే, అయినా టెన్షన్.

కాబట్టి గట్టెక్కించినవాడు ఒక్కడు కాదు. మావాడి వాదన కూడా అదే.

సున్నా మార్కులు:
బ్రిస్బేన్ నుంచి రాస్తున్నాను, ఆ రోజు ఏడ్చినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. లడ్డన్నా, అసలు విషయం దాచేశారు. స్కోరు పూర్తిగా చెప్పండి. కాలింగ్‌వుడ్ 12 గోల్స్, 18 బిహైండ్స్. మేము 13 గోల్స్, 8 బిహైండ్స్. గోల్‌కి 6 పాయింట్లు, బిహైండ్‌కి 1. వాళ్ళు 90, మేము 86. అంటే గోల్స్ మావే ఎక్కువ!

తెలియనివాళ్ళకి చెబుతాను. గ్రౌండు ఒక్కో కొసన నాలుగు స్తంభాలుంటాయి. మధ్య రెండింటి నడుమ నుంచి తన్నితే గోల్. పక్క సందుల్లోంచి పోతే బిహైండ్. 1897లో విక్టోరియా లీగ్ మొదలైనప్పుడు ఈ 6, 1 లెక్క వచ్చింది. అంతకుముందు గెలుపోటములకి గోల్స్ ఒక్కటే లెక్క. ఆ పాత పద్ధతైతే కప్పు మాది. నా ప్రశ్న ఏంటంటే, ఈ బిహైండ్‌ని తెలుగులో ఏమనాలి? 'వెనకది' అంటే నవ్వుతారు.

కొబ్బరాకు:
కొసరు.

బందరు లడ్డు:
అక్కా!! దీనికి దండం పెట్టాల్సిందే. మా నాన్నకి ఎన్నిసార్లు చెప్పినా ఎక్కలేదు, ఈ ఒక్క మాటతో ఎక్కుతుంది. అసలు 12, కొసరు 18.

కొబ్బరాకు:
మా కోనసీమ సంతలో ఇప్పటికీ కొసరు వెయ్యకపోతే బేరం తెగదు. శేరు తూచాక ఇంకో గుప్పెడు పైన వేస్తేనే సంచీ ముడేస్తారు. సున్నా తమ్ముడూ, నీ ఏడుపు నాకర్థమైంది. మీరు అసలు ఎక్కువ కొట్టారు, వాళ్ళు కొసరుతో గెలిచారు.

సున్నా మార్కులు:
బాగుంది కానీ అక్కా, ఒప్పుకోను. కొసరంటే సరుకు మొత్తం చేతికొచ్చాక పైన వచ్చేది. బిహైండ్ అలా కాదు, గోల్ కొట్టబోయి గురి తప్పితే వచ్చేది. అంటే చేజారిన అసలు. కాలింగ్‌వుడ్ 30 సార్లు స్కోరు చేసి అందులో 18 పాడుచేసుకుంది. మేము 21 సార్లు చేసి 8 పాడుచేసుకున్నాం. వాళ్ళలో ఇంకో నలుగురు నేరుగా కొట్టి ఉంటే ఆఖరి నిమిషంలో సోఫా ఎక్కే పనే ఉండేది కాదు. చేతిలో ఉన్నది నేలపాలు చేసుకుని, చివరికి ఎలాగోలా బయటపడ్డారు. దాన్ని గట్టెక్కడం అనే అంటారు. మీ అబ్బాయికి నా తరఫున చెప్పండి.

బందరు లడ్డు:
చెప్పాను. వాడి జవాబు: "30 ఎక్కువా, 21 ఎక్కువా?" బంతి మీ వైపు స్తంభాల దగ్గరే ఎక్కువసేపు తిరిగింది కాబట్టే అన్ని కొసర్లు వచ్చాయట.

అందుకే నాకు 'నెగ్గుకొచ్చారు' తోస్తోంది. గెలవడంలో లేనిదేదో నెగ్గుకురావడంలో ఉంది. ఒక్క రోజు పని కాదది. ఉద్యోగంలో నెగ్గుకొస్తున్నాడు అంటాం, అత్తారింట్లో నెగ్గుకొచ్చింది అంటాం. ఒత్తిడి ఉంటుంది, ఓపిక ఉంటుంది, కొంచెం లౌక్యం ఉంటుంది. 2023లో కాలింగ్‌వుడ్ ఫైనల్స్ చూడండి, అంటే లీగ్ అయ్యాక కప్పు కోసం ఆడే ఆఖరి మ్యాచ్‌లు. మెల్‌బోర్న్ మీద 60-53. జెయింట్స్ మీద 58-57, ఇందులో గోల్స్ రెండు జట్లకీ 8 చొప్పునే, తేడా ఒక్క కొసరు. తర్వాత ఈ 90-86. మూడు మ్యాచ్‌ల తేడాలూ కలిపితే 7, 1, 4, మొత్తం 12. రెండు గోల్స్ విలువతో ఏడాది కప్పు పట్టుకెళ్ళారు. మూడుసార్లూ నీళ్ళలో పడి మూడుసార్లూ గట్టు దొరికిందంటే అదృష్టం అనుకోవాలా, ఈత వచ్చనుకోవాలా?

ఓరుగల్లు వాకిలి:
ఈత వచ్చినోడు గట్టెక్కడు, దరి చేరతడు 😀

పాత పలక:
నెగ్గుకురావడం బాగుంది. ఆ 'కొను' వల్లే ఆ పట్టుదల అర్థం వస్తోంది. కానీ నెగ్గుకురావడంలో తేడా ఎంతో తెలియదు. పది గోల్స్‌తో గెలిచినా నెగ్గుకొచ్చారనవచ్చు. నీకు కావలసింది సరిపడా మాత్రమే గెలవడం. దానికి మాట వెతకండి.

కొబ్బరాకు:
అయితే మళ్ళీ వంటింట్లోకే రావాలి మాస్టారూ. అత్తెసరు.

అందరూ అత్తెసరు మార్కులు అని తిట్టుగా వాడేస్తున్నారు, పాపం. అసలు అర్థం చూడండి. గంజి వార్చే పని లేకుండా, బియ్యానికి సరిగ్గా సరిపడా పోసే నీళ్ళు. అత్తగారికీ దానికీ సంబంధం లేదు, ముందే చెబుతున్నా. మా అమ్మమ్మ అత్తెసరు పెడితే గ్లాసు ఉండేది కాదు, వేలు ముంచి కణుపు చూసేది. ఎసరు ఎక్కువ పెట్టి వార్చే అన్నం ఎవరైనా వండుతారు, నీళ్ళు మిగిలితే గంజి కింద పోతుంది. అత్తెసరులో చుక్క తగ్గితే పలుకు, చుక్క ఎక్కువైతే ముద్ద. చెయ్యి తిరిగినవాళ్ళకే కుదురుతుంది. అంత నేర్పున్న మాట చివరికి 35 మార్కుల వాడి పాలైంది.

లడ్డు తమ్ముడూ, మీవాడి టీమ్ మూడు ఫైనల్సూ అత్తెసరు పెట్టి దించింది. గంజి మిగల్లేదు, అన్నం మాడలేదు.

బందరు లడ్డు:
అక్కా, మాట దొరికింది. కానీ 'అత్తెసరు గెలుపు' అని హెడ్డింగు పెడితే చదివేవాళ్ళు తిట్టారనే అనుకుంటారు. అదొక్కటే చిక్కు. పైగా ఈ ఆటలో తన్నిన బంతిని నేల తాకకుండా పట్టుకోవడాన్ని 'మార్క్' అంటారు. ఇక అత్తెసరు మార్కులంటే ఎటు పోతుందో.

సున్నా మార్కులు:
నా పేరు మీద జోకా అన్నా, సరే.

అక్క చెప్పిన దాంట్లో ఒక పాయింటుంది, ఒప్పుకుంటున్నా. చివరి రెండు నిమిషాల్లో ముందున్న జట్టు చేసేది కొలత పనే. మామూలుగా అయితే అందర్నీ వెనక్కి లాక్కుని గోల్ దగ్గర గుమిగూడొచ్చు. కానీ 2019 నుంచి ఒక రూలుంది. గోల్ పడ్డాక మధ్యలో బంతిని ఎగరేసి ఆట మళ్ళీ మొదలుపెట్టేటప్పుడు ముందు ఆరుగురు, మధ్యలో ఆరుగురు, వెనక ఆరుగురు ఉండాలి. డానిహర్ గోల్ కొట్టగానే మాకు ఆశ పుట్టింది అందుకే. బంతి లేచేదాకా వాళ్ళు గోడ కట్టలేరు కదా. లేచాక మాత్రం ఎవరికి వారు వెనక్కి పరిగెత్తారు. ముందున్న జట్టుకి బంతి దొరికితే తొందరపడదు. ఖాళీగా ఉన్నవాడికి తన్నడం, వాడు మార్క్ పట్టి నింపాదిగా నిలబడడం, మళ్ళీ ఇంకొకడికి. అప్పటి రూలు ప్రకారం గీత బయటికి కావాలని కొడితే అవతలివాళ్ళకి ఫ్రీ కిక్ పోయేది, కాబట్టి కావాలని కొట్టనట్టు కొట్టాల్సొచ్చేది. అదో నటన.

ఓరుగల్లు వాకిలి:
ఇది మన కబడ్డీయే కదన్నా. రెండు పాయింట్లు ముందున్నోడు ఆఖరి కూతకు పోయి ఎవ్వర్నీ ముట్టకుండ గీత కాడనే తిరిగి వస్తడు. జనం తిడుతరు, కోచ్ మెచ్చుకుంటడు.

సున్నా మార్కులు:
అదే తమ్ముడూ, అచ్చంగా అదే. ఇంకో సంగతి చెప్పనా, ఇదే మమ్మల్ని ఎక్కువ బాధపెట్టింది. కాలింగ్‌వుడ్ కోచ్ క్రెయిగ్ మెక్‌రే ఒకప్పుడు మావాడే. 2001, 2002, 2003లో బ్రిస్బేన్ వరసగా మూడు కప్పులు గెలిచిన జట్టులో ఆడాడు. అందులో రెండు గెలిచింది కాలింగ్‌వుడ్ మీదే.

పాత పలక:
ఇంటివాడే కంట్లో పొడిచాడన్నమాట. ఒక సందేహం. గురి తప్పితే వచ్చేది కొసరు కాదని నువ్వన్నావు. మరి బిహైండ్ ఎప్పుడూ గురి తప్పడం వల్లే వస్తుందా?

సున్నా మార్కులు:
రాదు మాస్టారూ. గోల్ పడేలా ఉంటే కాపలా కాసేవాడే బంతిని తమ గీత దాటించి ఒక్క పాయింటు ఇచ్చేయొచ్చు. 6 పోయే చోట 1 పోనివ్వడం. 2008 గ్రాండ్ ఫైనల్లో హాథార్న్ వాళ్ళు జీలాంగ్‌కి ఇలా 11 ఇచ్చి మరీ గెలిచారు. ఆ దెబ్బతో 2009 నుంచి, ఎవరూ మీద పడకుండానే కావాలని ఇస్తే ఫ్రీ కిక్ వేస్తున్నారు.

పాత పలక:
అయితే అదే అసలైన కొసరు. అమ్మేవాడు తన చేత్తో వేస్తేనే కొసరు కదా. కాపలావాడు ఇచ్చింది కొసరు. గురి తప్పి తెచ్చుకున్నది కొసరి తెచ్చుకున్నది. కొసరడం అనే క్రియ మనకుండనే ఉంది, బేరంలో ఇంకొంచెం ఇంకొంచెం అని అడిగి పుచ్చుకోవడం. కాలింగ్‌వుడ్ 18 సార్లు కొసరింది. రెండూ ఆ మాటలోనే ఇమిడాయి, నీ అభ్యంతరం తీరిందా?

సున్నా మార్కులు:
మాట మీద అభ్యంతరం తీరింది. కప్పు మీద తీరలేదు.

బందరు లడ్డు:
సున్నా తమ్ముడూ, కొసరు దెబ్బ కాలింగ్‌వుడ్‌కీ తెలుసు. 1966 గ్రాండ్ ఫైనల్లో సెయింట్ కిల్డా, కాలింగ్‌వుడ్ చెరి 10 గోల్స్ కొట్టాయి. చివర్లో బ్యారీ బ్రీన్ తన్నిన బంతి పక్క సందులోంచి దూరి ఒక్క పాయింటొచ్చింది. 74-73. ఇన్నేళ్ళ చరిత్రలో సెయింట్ కిల్డా గెలిచిన కప్పు అదొక్కటే, అదీ ఒక్క కొసరుతో. అది మాత్రం గట్టెక్కడమా, నెగ్గుకురావడమా అని మావాణ్ణి అడిగితే ఏమాత్రం ఆలోచించకుండా "గట్టెక్కడం" అన్నాడు.

కొబ్బరాకు:
మనవాళ్ళు గెలిస్తే నేర్పు, అవతలివాళ్ళు గెలిస్తే గట్టు. పిల్లాడికి తెలుగు బాగా పట్టుబడింది 😂

బందరు లడ్డు:
ఇవాళ నాన్నకి ఫోన్ చేసి చెప్పాను, అసలు 12, కొసరు 18 అని. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "13 అసలు తెచ్చినవాణ్ణి ఓడించే లెక్క ఏం లెక్కరా" అన్నారు. సున్నా తమ్ముడూ, బందరులో నీకొక అభిమాని దొరికారు.