ఫిట్స్ స్ప్రే టీచర్ చేతికి ఇవ్వొచ్చా, ఇవ్వకూడదా?

కరీంనగర్ అమ్మ: మా బాబు రెండో తరగతి. ఫిట్స్ మొదలైతే చాలాసార్లు వాటంతటవే ఆగవు. అందుకని డాక్టర్ ముక్కులో కొట్టే మిడజోలమ్ స్ప్రే రాసిచ్చారు. ఇంట్లో వాడుతున్నం, బాగానే పనిచేస్తోంది. ఒక బాటిల్ స్కూల్లో పెడతామంటే ప్రిన్సిపాల్ ససేమిరా అన్నారు. “ఫోన్ చేస్తాం, మీరే వచ్చి కొట్టుకోండి” అంటున్నారు. నేను పనిచేసే చోటు నుంచి ఆటోలో అరగంట. ఐదు నిమిషాలు దాటగానే ఇవ్వాల్సిన మందు అరగంటకు ఇస్తే ఏం ఫాయిదా? టీచర్లు ఇవ్వాలా, వద్దా? మీరే చెప్పండి.

చాక్‌పీసు: నేను టీచర్నే. మేడమ్, మీ బాధ తెలుస్తోంది, కానీ ఇది దగ్గు మందు కాదు, మత్తుమందు. ఊపిరి మందగించొచ్చని కాగితం మీద వాళ్లే రాస్తారు. ఏదన్నా అయితే మర్నాడు పేపర్లో పేరు ఎవరిది పడుతుంది? క్లాసు పిల్లలంతా చుట్టూ మూగి ఏడుస్తుంటే నేను పఫ్‌లు లెక్కపెట్టాలా? పక్కకు తిప్పి పడుకోబెడతాం, 108కి ఫోన్ చేస్తాం. అంతవరకే మా పని.

రాత్రి డ్యూటీ: పిల్లల ఐసీయూలో నర్సునండీ. మాస్టారూ, మీ భయం ఒట్టిదని అనను. అయితే ఆగకుండా కొట్టుకునే ఫిట్స్ కూడా ఊపిరిని ఆపుతాయి, అది మర్చిపోతున్నారు. శాన్‌ఫ్రాన్సిస్కో అంబులెన్సుల్లో పెద్దవాళ్ల మీద చేసిన ఒక పరీక్ష ఫలితాలు 2001లో వచ్చాయి. ఇదే జాతి మందు లోరాజెపామ్ ఇచ్చినవాళ్లలో 10.6 శాతం మందికి ఊపిరి, రక్తప్రసరణ ఇబ్బందులు వచ్చాయి. ఉత్తుత్తి మందు ఇచ్చినవాళ్లలో 22.5 శాతం మందికి వచ్చాయి. మందు ఇవ్వనివాళ్లలోనే ఇబ్బందులు ఎక్కువగా కనిపించాయి.

చాక్‌పీసు: అంబులెన్సులో ఆక్సిజన్ ఉంది, శిక్షణ ఉన్న మనిషి ఉన్నాడు, ఇచ్చింది నరంలోకి. మా స్కూల్లో ఏముంది, నేనూ, వంట చేసే అమ్మా!

రాత్రి డ్యూటీ: ఆ మాట నిజమే. అందుకే మీలాంటివాళ్ల కోసం సూది అక్కర్లేని స్ప్రే రాశారు. నన్నడిగితే అసలు గండం ఊపిరి కాదు, లెక్క. సాధారణంగా రాసే మోతాదు కిలోకు 0.2 మిల్లీగ్రాములు. ఇరవై కిలోల పిల్లాడికి 4 మిల్లీగ్రాములు. మన దగ్గర పఫ్‌కు 0.5 మిల్లీగ్రాములు వచ్చే బాటిళ్లున్నాయి. వాటితో ఎనిమిది పఫ్‌లు కొట్టాలి, ఒక్కో ముక్కురంధ్రంలో నాలుగు. 1.25 వచ్చేవీ ఉన్నాయి. వాటితో అదే అలవాటున ఎనిమిది కొడితే 10 మిల్లీగ్రాములు లోపలికి పోతాయి, అంటే రెండున్నర రెట్లు. కొత్త బాటిలైతే ముందు గాలిలోకి కొట్టి మందు వస్తోందో లేదో చూడాలి. లేకపోతే మొదటి పఫ్‌లు ఉత్తగాలే. కరీంనగర్ మేడమ్, మీ బాటిల్ ఎంతది? బాబు బరువు ఎప్పుడు చూశారు?

కరీంనగర్ అమ్మ: 0.5ది. మొన్న చూస్తే 20 కిలోలు. డాక్టర్ ఎనిమిదే రాశారు.

మందులషాపు: ఇది షెడ్యూల్ హెచ్1 మందు. చీటీ లేకుండా ఇవ్వం, రిజిస్టర్లో రాసుకుంటాం. అయినా ఒక చిక్కుంది. అడిగిన కంపెనీది లేకపోతే కొన్ని షాపుల్లో వేరే కంపెనీది చేతిలో పెట్టేస్తారు. పేరు చూసి తెచ్చుకోకండి, పఫ్‌కు ఎన్ని మిల్లీగ్రాములో చదివి తెచ్చుకోండి. స్కూల్లో బీరువాలో పెట్టి తాళం ప్రిన్సిపాల్ బ్యాగులో వేసుకుంటే మందు ఉన్నా లేనట్టే. అట్లాగని పిల్లలకు అందేలా బల్ల మీదా పెట్టొద్దు.

డల్లాస్ నాన్న: ఇక్కడ ఒక్క డోసుతో వచ్చే 5 మిల్లీగ్రాముల మిడజోలమ్ స్ప్రేకు 2019లో అనుమతి వచ్చింది, పన్నెండేళ్లు దాటినవాళ్లకు. ఒక ముక్కురంధ్రంలో ఒకసారి కొడితే అయిపోయింది. దీన్ని మాత్రం గాలిలోకి కొట్టి చూడకూడదు, ఉన్నదే ఒక్క డోసు. ఇదే జాతి మందు డయాజెపామ్ స్ప్రే 2020లో వచ్చింది. టెక్సాస్‌లో 2019 నుంచి పిల్లలతో రోజూ మెలిగే స్కూలు సిబ్బందికి ఫిట్స్ శిక్షణ తప్పనిసరి. ఫిట్స్ వస్తే ఏం చేయాలో డాక్టర్ సంతకంతో ఒక ప్లాను ఉంటుంది. మా అమ్మాయి స్కూల్లో నర్సమ్మ దగ్గర ఆ కాగితం ఉంది. మనవాళ్లెందుకు చేయలేరు?

చాక్‌పీసు: అన్నా, “నర్సమ్మ” అనే మాట మీరే అన్నారు.

రాత్రి డ్యూటీ: నర్సు లేకపోయినా కాగితం ఉండొచ్చుగా మాస్టారూ. ఏ రకం ఫిట్స్‌కు ఇవ్వాలి, ఎన్ని నిమిషాలకు, ఎన్ని పఫ్‌లు, రెండోసారి ఇవ్వొచ్చా లేదా అన్నీ డాక్టర్ రాసి సంతకం పెట్టాలి. రాయనిది మీరు చేయక్కర్లేదు. ఇచ్చాక పక్కకు తిప్పి ఛాతీ చూస్తూ కూర్చోవాలి. నిద్రలోకి జారుకుంటే నీళ్లు తాగించొద్దు. మందు ఇచ్చి ఐదు నిమిషాలైనా ఆగకపోయినా, పెదాలు నీలమైనా, ఊపిరి సరిగా అందక పైపైనే ఆడుతున్నా 108కి ఫోన్ చేయాలి. తాళంచెవులు చేతిలో పెట్టడం, ఉల్లిపాయ వాసన చూపించడం, నోట్లో చెంచా దూర్చడం ఇప్పటికీ చూస్తున్నాం. ఇవి చేయడానికి ఎవరూ అనుమతి అడగరు, మందుకే అడుగుతారు!

చాక్‌పీసు: సరే, ఒక మెట్టు దిగుతాను. ఇంతకుముందు ఇంట్లోనో ఆస్పత్రిలోనో ఈ స్ప్రే వాడి, తట్టుకున్న పిల్లలకైతేనే. కాగితం మీద యాజమాన్యం సంతకం కూడా ఉండాలి, ఒక్కడి మీద పెట్టకుండా ఇద్దరు టీచర్లకు ఆస్పత్రివాళ్లు చేసి చూపించాలి. పొద్దున ఇంట్లో ఒక డోసు పడి ఉంటే ఆ రోజు నాకు చెప్పకుండా పంపకూడదు. ఇవన్నీ ఉంటే నేనైతే కొడతాను. లేకపోతే బలవంతపెట్టే హక్కు ఎవరికీ లేదు.

కరీంనగర్ అమ్మ: సార్, మీ షరతులన్నీ రాసుకుని సోమవారం ప్రిన్సిపాల్ దగ్గరకు పోత. బాటిల్ మీద మార్కర్‌తో “ఎనిమిది, నాలుగు-నాలుగు” అని రాసిస్త, బరువు పెరిగితే డాక్టర్ను అడిగి మారుస్త. ఇంకొక్కటి. స్కూలు బస్సులో నలభై నిమిషాలు ఆయా ఒక్కతే ఉంటది. ఆమెకు ఇంగ్లిష్ చదవరాదు. అక్కడ ఎవరిని అడగాలె?

మందులషాపు: కాగితం తెలుగులో రాయించండి మేడమ్. డాక్టర్ ముద్ర ఉంటే చాలు, ఏ భాషైతేనేం. బస్సులో ఎండకు వదిలేసే చోట మాత్రం పెట్టొద్దు, రోజూ బాబు బ్యాగులోంచి ఆయా చేతికి, ఆయా నుంచి టీచర్ చేతికి మారాలి.

చాక్‌పీసు: ఆ చేతులు మారేటప్పుడు సంతకం పెట్టే పుస్తకం ఒకటి పెట్టండి. బస్సులోనే మర్చిపోయిన లంచ్ బాక్సులు మా స్టాఫ్‌రూమ్‌లో ఇప్పుడు ఒక బీరువా నిండా ఉన్నాయి.